మైకు ఖరాబైంది సార్

హలో… ఆ… నేనేరా, జమునను. ఫోను బాపుదే, నేనెత్తిన.

పండుకున్నడు. ఇంత తిని, ఇప్పుడే కండ్లు మూసిండు. ఏంది చెప్పు…

నేనెత్తుడే మంచిదైందా? ఓహో. అంటే నాతోని పనివడ్డదన్నట్టు. పోయి పది దినాలాయె, అవ్వతోని ఒక్కపారి మాట్లాడకపోతివి. ఇయ్యాల అక్క యాదికొచ్చిందా తమ్మీ…

క్వారంటైనా? క్వారంటైనంటే రూముల పండుకునుడే గదరా. ఇంట్ల ఉన్నన్ని దినాలు నువ్వు చేసింది గదే. ఇప్పుడు గువాహటి దాక పోయి చేసినవ్, గంతే ఫరక్…

ఆవనూనె కూర పడ్తలేదా? పాపం. ఎం.ఏ. సదువనీకి మూడు దినాలు రైలెక్కి పోయిండు దొర, ఆడ కూర నచ్చలేదట. అసలు ముచ్చట చెప్పు…

సప్పుడా? ఉంటది సప్పుడు… ఆ, సాంచల సప్పుడే అనుకో. పాండేసరల మగ్గాల నడుమ పుట్టినోనికి ఇంకేం సప్పుడు ఎరుక. చెప్పు నువ్వు—

రేపా? రేపు ఎన్నింటికి?…

మీ క్లాసు బరువా సారు పిలిసిండా… అందరి ముందట… ఏ పేపరు? ఆ, చీరెలకు రాళ్ళు అతికిచ్చే ఆడోళ్ళ మీద రాసింది… క్లాసు మొత్తంల గదే మంచిగున్నదన్నడా. మైకు ముందట నిలవడి చదువుమన్నడా. మంచిదే గదరా. చదువు. దానికి గింత భయమెందుకు?…

ప్రశ్నలడుగుతరా. అడుగరా మరి. పిలిసేది గందుకే గదా…

నాకేం తెల్సంటే? పేపరు మీద పేరెవలది? లింగమూర్తి కొడుకు పరమేశ్‌ది. నాదేడుంది అండ్ల…

లేదు, లేదు. ఒక్క నిమిషం ఆగు. ఎం.ఏ. మొదటి ఏడాదంత ఇంట్లకెల్లే నడిచినై ఆ ఫోన్ క్లాసులు. పొద్దుగాల పదింటికి కెమెరా బంద్ జేసి, "మైకు ఖరాబైంది సార్, చాట్‌ల రాస్త" అని రాసిందెవలు? సారు అడిగితె జవాబు రాసిందెవలు?… నువ్వా?… గట్టిగ చెప్పు, ఇనవడ్తలేదు…

నేను. ఒక చేతిల బంక, ఇంకో చేతిల ఫోను. నువ్వేమొ ఉధ్నా టేషన్ కాడ దోస్తులతోని చాయ్ తాక్కుంట. క్లాసుల కూసుంటె నిద్రొస్తుందంటివి. "జర నా బద్లీ కూసో అక్కా, ఒక్క వారం" అంటివి. ఎన్ని నెలలకు ముగిసిందిరా నీ వారం?…

ఏందీ? ఇయర్‌ఫోన్ చెవుల పెట్టుకుంటవా?… ఆ… జుట్టు పెంచినవ్, మాస్కుంటది, ఎవలకు కనవడది… నేనీడ ఫోన్ల ఇంగ్లీషుల చెప్పుడు, నువ్వాడ నోటితోని అనుడు. వారెవ్వా. దీని మీద పెట్టిన తెలివి బుక్కు మీద పెడితె పాసయ్యెటోనివి గదరా. మన గల్లీలకు చిలుక జోస్యపాయన వస్తుండె సూడు, గా చిలుక నీకంటె నయం. దాని ముక్కుతోని అదే కార్డు తీస్తది…

నవ్వుతలేను. నాకు నవ్వొస్తలేదు.

సరే, నేనొకటి అడుగుత, చెప్పు. సారు గూడ ముందుగాల గిదే అడుగుతడు. పేపరు దేనితోని మొదలైతది?… చదివినవా అసలు?… ఇయ్యాల పొద్దుగాల సగం చదివినవా. సొంత పేపరు, సగం చదివిండు. మస్తు కష్టపడ్డవ్…

మొదట్ల అవ్వ ఉన్నదిరా. పేరు మార్చిన గని, మనల కన్న ఎల్లవ్వే. ఆధార్ మిషిన్ మీద అవ్వ బొటనవేలు పెడితె పడది గదా, ఎందుకు పడది?… చెమటకా?… మిషిన్ ఖరాబా? నీకన్నీ ఖరాబే.

బంక వట్టి వట్టి వేళ్ళ మీది గీతలు అరిగిపోయినయ్. పదకొండేండ్లాయె. నున్నగైనయ్. ఐదు వేళ్ళు పెట్టిచ్చిన గని ఒక్కటి పడలె. బ్యాంకాయన "నువ్వే ఎల్లవ్వవా?" అని అడిగిండు. ఆ దినం నువ్వు గూడ ఉన్నవ్ ఆడ. బయట బండి మీద కూసొని ఫోన్ల ఆట ఆడుతున్నవ్. గా చేతి అన్నమే తిన్నవ్ గదరా రోజు, ఒక్కపారన్న చూసినవా?…

ఊకో. ఏడిస్తె జవాబులు రావు.

ఇన్ని దినాలు చేసినవ్, గీ ఒక్కటి చెయ్యుమంటవా… బద్లీ అంటె ఎన్ని దినాలుంటదో బాపునడుగు, చెప్తడు. గంగారాం కాక చెల్లె పెండ్లని ఊరికి పోయిండు. పది దినాలని పోయి నాలుగు నెలలకు తిరిగొచ్చిండు. అందాక ఆయన సాంచలు నడిపింది బాపు. వచ్చినంక సేఠ్ ఏమన్నడు?… యాదికున్నది గదా. "నడిపినోనివే సాంచలు" అన్నడు. గదీ కాయిదా. గా సాంచల మీదనే మనం పెరిగినం…

ఏమన్నవ్?… మల్ల అను… నేనెట్లయిన ఇంట్లనే కూసుంట, నాకు పోయేదేమున్నదా?

మంచిగన్నవ్.

నేను ఇంట్ల ఎందుకు కూసున్న?… నిజమే, బిడ్డకు బి.ఏ. చాలన్నడు బాపు. అది నిరుడు. ఈయేడు నేను ఎంట్రెన్సు రాసిన గదా. కడోదరా సెంటర్‌కు నన్ను బండి మీద దింపింది నువ్వే. నువ్వు సదివేకాడికే నేను గూడ రాసిన. ఏమైంది మరి దాని సంగతి? నీకేమన్న ఎరుకనా?…

రాలేదా. సీటు రాలేదా. నీకెట్ల తెల్సు?… వస్తె ఈమెయిల్ వస్తుండెనా. నా ఈమెయిల్ ఏ ఫోన్ల ఉన్నది?… ఆ ఫోను ఎవని చేతుల ఉన్నదిప్పుడు?…

హలో… ఉన్నవా?

ఐదో తారీఖునాడు ఈమెయిల్ల వచ్చింది సీటు ఉత్తరం. నువ్వు ఇప్పినవ్, చదివినవ్, తీసేసినవ్… ఒట్టు పెట్టకు. అవ్వ మీద అసలే పెట్టకు. ఫారం మీద రెండో నంబరు నేను బాపుది రాసిన. ఎందుకంటె నాకు నీ సంగతి ఎరుక. నేను జవాబియ్యకపోతె ఆఫీసామె ఫోన్ జేసింది. "జమున కా సీట్ హై, శుక్రవార్ తక్ ఆనా హై" అని. ఐదో తారీఖుకే మెయిల్ పంపినం, శుక్రవారం లోపల రాకపోతె సీటు పోతదన్నది. ఎత్తింది బాపు.

…

భయపడ్డవా? దేనికి? నేనాడికొస్తె నీ బండారం బయటవడ్తదనా… అక్క ఇంట్ల బంక వెట్టుకుంట, నీ చెవుల జవాబులు చెప్పుకుంట ఉండాలె. సీటు పోతె పోనీ. గింతే గదా నీ లెక్క. పగోళ్ళు కూడ చెయ్యని పని చేసినవ్. థూ.

…

బాపా? ఫోన్ పెట్టేసి నా పక్కకొచ్చి కూసున్నడు. ఇగ తర్వాత, "నిరుడే పంపేదుండె బిడ్డా, నేనే ఆగం చేసిన" అన్నడు. జీవితంల మొదటిసారి ఆయన నోట్లె నుంచి ఆ మాట ఇన్న. నాకు ఏడుపాగలె.

నిన్నేమంటడు? ఏమనలేదు. "పిలగాడు చూసుకోకపోవచ్చు, కొత్త జాగ, పరేశాన్ల ఉండొచ్చు" అన్నడు. ఇంకా నిన్నే ఎనకేసుకొస్తుండు. నాకు గందుకే ఒళ్ళు మండుతుంది…

ఇప్పుడేం చేస్తవంటె? ఇందాక సప్పుడేందని అడిగితివి గదా. సాంచల సప్పుడు గాదు తమ్మీ. రైలు. కటిహార్ దాటి గంటైంది…

ఆ. రేపు తెల్లారంగ దిగుతం. బాపు ఎదురుంగ బర్తు మీద పండుకున్నడు. దసరాకు గూడ బద్లీని పెట్టని మనిషి, సాంచలు గంగారాం కాకకు అప్పజెప్పి వచ్చిండు. జల్ది తిరిగి రాకపోతె పోతయని తెల్సి గూడ…

బాపుకు ఉత్తరం సంగతే తెల్సు. క్లాసుల సంగతి తెల్వది. అవును, ఇంకా తెల్వది…

సారుకా? సారుకు నేనెందుకు చెప్త? నీ మీద చాడీలు చెప్పనీకి ఇంత దూరం వస్తనా. నేను సదువనీకి వస్తున్న. టెస్టు కాయితం ఉంటె ఇప్పుడు క్వారంటైన్ లేదట, రేపు మూడింటికి నీ క్లాసుల వెనక బెంచీల కూసుంట. నువ్వు నోరు తెరుస్తవో, తెల్లముఖం వేస్తవో చూస్త. ఆడ చాట్ ఉండది. కెమెరా బంద్ చేసుడుండది. "ఈ పేపరు నాది గాదు సార్" అని నువ్వే చెప్తవా, నీ ఇష్టం. చెప్పవా, అదీ నీ ఇష్టం.

బాపుకు మాత్రం నువ్వే చెప్పాలె…

ఎందుకా? నీకు ఫస్టు మార్కులొచ్చినయని నిరుడు గల్లీ అంత లడ్డూలు పంచిండు. నేను పక్కకు నిలవడి పల్లెం వట్టుకున్న. సొమ్మొకనిది సోకొకనిది. అప్పుడు ఊకున్న. ఇప్పుడు రైల్ల గూడ గదే పాట. "కొడుకు ఆడ ఫస్టు, తమ్ముడు సదివింది చూసి బిడ్డకు గూడ తెలివొచ్చింది" అని, ఎక్కినోళ్ళకు దిగినోళ్ళకు చెప్తుండు. మూడు దినాల సంది ఇంటున్న. ఇంక నాతోని గాదు…

దిగినంక చెప్తవా? నువ్వు టేషన్‌కు వస్తవా రేపు?… తల నొస్తదేమో. రేపటి మాట నాకొద్దు. ఇప్పుడే చెప్పు. లేపుత—

బతిమాలకు. కాళ్ళు మొక్కుతనంటె ఫోన్ల మొక్కుడేందిరా.

బాపూ… ఓ బాపూ, లే జర. పరమేశ్ నీకేదో చెప్తడట… స్పీకర్ పెట్టిన, గీడికెల్లి మాట్లాడు.

చెప్పరా. బాపు ఇంటుండు…

చెప్పు.

…

హలో.

…

హలో, పరమేశ్.

కట్ చేసిండు.

… లేదు బాపూ, సిగ్నల్ మంచిగనే ఉన్నది. వాని మైకు ఖరాబైంది.