నాలుగొందల మంది ఒక్కరైన రోజు

ఆసుపత్రిలో పేర్లు నమోదు చేసే ఆవిడ పొద్దున్నే సాఫ్ట్‌వేర్ అబ్బాయిని నిలదీసింది.

“నిన్న ఏం చేసి పోయావు బాబూ?”

“డేటా శుభ్రం చేయమన్నారండీ. ఒకే ఫోన్ నంబరున్న పేర్లన్నీ కలిపేశాను.”

“నాలుగొందల మంది రోగుల్ని ఒక్క మనిషిని చేశావు! ఆ మనిషికి డెబ్బై ఏళ్ళు, ప్రోస్టేట్ ఆపరేషనయింది, ఇప్పుడు ఐదో నెల!”

“అంతమందికి ఒకే నంబరేంటండీ?”

“అది నాది.”

“మీదెందుకు రాశారు?”

“ఫోన్ లేని ముసలాళ్ళకి ఇంకెవరిది రాయను? ఆ గడి నింపితే గానీ నీ సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదాయె! ఖాళీగా వదిలే వీలు పెట్టమని మూడుసార్లు మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.”

“తప్పు నాదేనండీ. కలిపేముందు కాపీ కూడా తీసుకోలేదు.”

“ఎవరికి ఏ మందు పడదో అదీ కలిసిపోయింది. రేపు ఎవరి ప్రాణమన్నా పోతే?”

“ఇప్పుడెలా విడదీయాలండీ?”

ఆవిడ సొరుగు లాగి, అట్ట చిరిగిన లావుపాటి పుస్తకాన్ని బల్లమీద ధబీమని పడేసింది.

“చిత్తుకాగితాలకి అమ్మేయమన్నావే, అదే ఇది. కంప్యూటరొచ్చాక కూడా రోజూ రాస్తూనే ఉన్నాను. కూర్చో, నేను చదువుతాను, నువ్వు కొట్టు. ఫోన్ నంబరు మాత్రం నన్నడక్కు. దీంట్లో ఆ గడే లేదు.”