పొగగొట్టం ఏ పక్కన?

చెక్క అచ్చులు చెక్కే ఆయన ఇంటి ముందుగది. సాయంత్రం. బిస్కట్ ఫ్యాక్టరీ నుంచి మనిషి వస్తాడని ఆయనా, భార్యా ఎదురుచూస్తున్నారు.

“మళ్ళీ లేచారా? కూర్చోండి.”

“ఎవరో వస్తున్నట్టుంది.”

“పక్కింటాయన చెప్పుల చప్పుడు. ఫ్యాక్టరీ మనిషి వస్తే తలుపు కొట్టడూ? కూర్చోండి.”

“కూర్చున్నాగా. వచ్చి ఏమంటాడో. డబ్బా మీదకి మన ఊరి గుర్తు ఏదైనా చెక్కు, నీ ఇష్టం అని కబురంపారు. నీ ఇష్టం అంటేనే నాకు భయం. ఫలానాది కావాలంటే కళ్ళు మూసుకుని చెక్కేవాణ్ణి.”

“మొదటిది అలాగే చెక్కినట్టున్నారు. పొయ్యిలోకి పనికొచ్చింది.”

“ఆ ఏటి వంతెనా? అది బాగానే వచ్చింది.”

“మరెందుకు పారేశారు? మన ఊరంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వంతెనే.”

“వద్దు. వంతెన వేస్తే, మా ఊరు రెండు ముక్కలండోయ్ అని డబ్బా డబ్బాకీ చాటినట్టుంటుంది.”

“నాకైతే ముక్కల్ని కలిపినట్టుంటుంది.”

“నీకు అన్నీ అలాగే ఉంటాయి.”

“పోనీ, చేపల మార్కెట్ వేయాల్సింది.”

“వాసనొస్తుంది.”

“బొమ్మకి వాసనేంటండీ?”

“బిస్కట్ డబ్బా మీద చేపలేంటే?”

“రైలు స్టేషన్?”

“అది ఊరొదిలి పోయేవాళ్ళది.”

“అందుకని ఆఖరికి గడియార స్తంభం. అది సరైన టైము చూపించి ఎన్నాళ్ళయిందో!”

“వెనకబడినా నడుస్తోందిగా. ఊరూ అంతే, మనమూ అంతే.”

“ఆ గ్లాసు ముట్టకండి!”

“ఏం? మూడు గ్లాసులున్నాయిగా.”

“అది పంచదార లేని టీ. వచ్చే మనిషికి.”

“అతను పంచదార వేసుకోడని నీకెవరు చెప్పారు?”

“బిస్కట్ ఫ్యాక్టరీలో ఉండేవాడికి తీపంటే మొహం మొత్తదూ?”

“మంచం మీద కొత్త దుప్పటి కూడా అతనికేనా?”

“పాతది ఉతకడానికి వేశాను. ఏమండీ, ఒకటి అడుగుతాను, కోప్పడకూడదు.”

“కోపమొచ్చేదే అడుగుతావు. అడుగు.”

“మీరు స్నానానికి వెళ్ళినప్పుడు, అచ్చుకి సిరా పట్టించి కాగితం మీద అద్ది చూశాను.”

“ఎవరు ముట్టుకోమన్నారు?”

“బొమ్మ ఎలా పడుతుందో చూద్దామని. స్తంభం పక్కన మిల్లు పొగగొట్టం ఉందిగా. మన కిటికీలోంచి చూస్తే ఎడమపక్కన కనిపిస్తుంది. కాగితం మీద కుడిపక్కన పడింది.”

“ఆఁ... తిప్పి చెక్కడం మర్చిపోయుంటాను. అచ్చులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు బుర్ర తిరగదా?”

“జుట్టు నెరిసేదాకా చెక్కినవాళ్ళకి ఇప్పుడు తిరిగిందా?”

“తిరిగింది. పోనీలే, ఎవరు చూస్తారు? బిస్కట్లు తింటారు, డబ్బాలో గుండీలు వేసుకుంటారు.”

“మర్చిపోతే గడియారంలో అంకెలు కూడా అద్దంలోలా తిరగబడి పడాలి కదండీ. అవి చక్కగా పడ్డాయి. మీరు తిప్పే చెక్కారు.”

“ఎవరో వచ్చినట్టున్నారు.”

“ఎవరూ రాలేదు. కూర్చోండి. పొగగొట్టం కుడిపక్కన కనిపించేది ఏటికి అవతలి ఒడ్డు నుంచే.”

“అయితే?”

“అయితే మీరు అటెందుకు వెళ్ళారు?”

“గాలి కోసం.”

“ఇటు గాలి లేదా? రోజూ సాయంత్రం దేవుడి దగ్గరికని చెప్పి బయల్దేరుతున్నారు.”

“అవతలి ఒడ్డున మాత్రం దేవుడు లేడా?”

“ఉన్నాడనే నేనూ అంటున్నాను. ఇన్నాళ్ళూ ఆ పక్కకి చూడనన్నది మీరే.”

“ఆ కాగితం ఇలా ఇవ్వు.”

“స్తంభం అడుగున ఈ అడ్డమేమిటి? ఇంటి కప్పు మూలలాగా ఉంది.”

“అది... చెక్కలో ముడి వచ్చింది. దాన్ని కప్పెట్టడానికి ఏదో గీశాను.”

“ముడి ఉన్న చెక్క మీరు కొన్నారా?”

“అబ్బబ్బ, ప్రశ్నలతో చంపుతావేంటే!”

“అవతలి ఒడ్డున మీ తమ్ముడున్నాడు. అదే ఫ్యాక్టరీలో, లేబుళ్ళ మెషిన్ దగ్గర.”

“ఉంటే ఉంటాడు. నాకేం?”

“ఉలి పక్కన పడేసి మెషిన్ దగ్గరికి పోతావా, పో, మళ్ళీ నా గడప తొక్కకు అన్నదెవరు?”

“అన్నాను. పెద్దవాణ్ణి, ఒక మాట అనకూడదా?”

“అనొచ్చు. రమ్మని కూడా పెద్దవాడే అనాలి.”

“నోటితో అనలేకే...”

“అనలేకే?”

“ఏం లేదు.”

“చెప్పండి.”

“ఏ అచ్చయినా మెషిన్ మీదకి వెళ్ళేది వాడి చేతుల మీదుగానే. చూస్తాడు. ఊరందరికీ అది గడియార స్తంభం. వాడొక్కడికే తెలుస్తుంది... అన్నయ్య ఇటు వచ్చాడని.”

“తెలియకపోతే?”

“వాడికి ఉలి పట్టడం నేర్పింది నేనే. అచ్చు తిరగేసున్నా పుస్తకంలా చదువుతాడు. నవ్వుతున్నావా?”

“లేదండీ. ఒక్క ‘రా’ అనడానికి ఊరంతా చెక్కాల్సొచ్చిందా అని.”

“నవ్వుతావు. నువ్వే నవ్వితే వాడు నవ్వడా? ఇంత జరిగాక ఇదేం పిచ్చి అనుకోడా? ఆ పొగగొట్టం లేపేస్తాను. ఉలి ఎక్కడ?”

“ముట్టకండి!”

“ఉలి ఇలా ఇవ్వు. ఒక్క నిమిషం పని. ఒట్టి స్తంభమే ఉంటుంది, ఏ గొడవా ఉండదు.”

“ఇవ్వను.”

“ఇవ్వవే!”

“తలుపు కొడుతున్నారు.”

“ఇప్పుడు నువ్వు మొదలెట్టావా?”

“నిజంగానే కొడుతున్నారు. వెళ్ళి తీయండి.”

“నువ్వు తియ్యి. నా చేతులకి పొట్టు.”

“గడప తొక్కొద్దన్నది మీరు. మీరే తీయాలి.”

“ఏమిటీ? వచ్చింది ఫ్యాక్టరీ మనిషేగా?”

“ఫ్యాక్టరీ మనిషే. టీలో పంచదార వేసుకోని మనిషి.”

“నీకు... నీకెలా తెలుసు?”

“మీకు దేవుడున్నాడు. నాకు తోడికోడలుంది. ఈ పని మీకే ఇవ్వాలని అక్కడ పట్టుబట్టింది ఎవరనుకున్నారు? తీయండి, పాపం, నిలబడ్డాడు.”

“తీస్తున్నాలే... నువ్వా!”

“...అచ్చు తెమ్మన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు.”

“గుమ్మంలోనే ఆగిపోయావేం మరిదీ, లోపలికి రా!”

“అన్నయ్య చెప్పాలి కదా వదినా.”

“ఇదిగో అచ్చు. చూసుకో. పొగగొట్టం దగ్గర కాస్త... పొరపాటు జరిగినట్టుంది. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను.”

“చూడనీ... పొరపాటేం లేదే. కుడిపక్కనే ఉండాలి.”

“ఏటి ఒడ్డున నిలబడి చూస్తే అలా కనిపించింది. ఊరికే, గాలి కోసం వెళ్ళినప్పుడు.”

“ఒడ్డున కాదు. స్తంభం అడుగున ఈ రేకు కప్పు మూల మా పక్కింటి వాళ్ళది. మా గుమ్మానికి ఆనుకుని నిలబడితే తప్ప ఇలా అడ్డం రాదు. అంత దగ్గరికి వచ్చి తలుపు కొట్టకుండా వెళ్ళిపోయావా, అన్నయ్యా?”