తొమ్మిది రోజులైనా వాడని పువ్వు

బాల్కనీ గోడ మీద కాక్టస్ కుండీ ఉంది. దాని ఎర్రటి పువ్వు భార్య అరచేతిలో ఉంది. భర్త ఆఫీసు బ్యాగు ఇంకా భుజం దిగలేదు.

“తొమ్మిది రోజులైనా వాడదేమిటా అని ముట్టుకుంటే ఊడొచ్చింది. గోటితో గీకి చూశాను. ఎండు పువ్వుకి రంగేసి జిగురుతో అంటించారు.”

“కొట్టువాడు మోసం చేసుంటాడు.”

“మా అమ్మ తన కుండీలోంచి తీసిచ్చిన పిలక ఇది. మధ్యలో కొట్టువాడెక్కణ్ణుంచి వచ్చాడు?”

“నువ్వు ఆసుపత్రిలో అత్తయ్య దగ్గరున్నావు. ఇక్కడేమో ఎండలు మండిపోతున్నాయి. పాపం అనిపించి రోజూ చెంబుడు నీళ్లు పోశాను. మొదలు కుళ్లిపోయింది.”

“నెలకోసారి చాలని కాగితం మీద రాసి పెట్టి మరీ వెళ్లాను.”

“చూశాను. నెలకోసారి ఏం సరిపోతాయిలే అనుకున్నాను.”

“కుళ్లిందని ఒక్క ముక్క చెప్పాల్సింది.”

“పువ్వు పూసిందా అని అత్తయ్య రోజూ అడుగుతున్నారని నువ్వే అన్నావు. అందుకే అలాంటిదే, పువ్వున్నది చూసి తెచ్చాను.”

“మీరు పంపిన ఫొటో చూసే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. నాలుగేళ్లకి పూసిందని నర్సులందరికీ చూపించింది. పక్కన నిలబడి నేనూ మురిసిపోయాను.”

“తప్పే. కాసేపట్లో ఆవిడ దీన్ని చూడ్డానికి వస్తున్నారు కదా, ఈ పూటకి మళ్లీ అంటించేద్దాం.”

“అంటించండి. అమ్మ ముందు నేను నోరు మెదపను. ఆవిడ వెళ్లాక మాత్రం, మీరేం చెప్పినా ముందు గోటితో గీకి చూస్తాను.”