తుపాకీని పిండి పట్టించినవాడు

సెలూన్ కుర్చీలో కూర్చుని మెడకి గుడ్డ కట్టించుకుంటూనే పిండిమిల్లు పెద్దన్న సెలూన్ బాబాయికి మనసులో మాట చెప్పేశాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయట, మిల్లు తాళంచెవి ఇవాళ తమ్ముడి చేతిలో పెట్టేస్తాడట. బాబాయికీ సంతోషమేసింది. గడ్డమంతా నురగ పూసి కత్తి అందుకున్నాడో లేదో, ఆ తమ్ముడే వచ్చి బెంచీ మీద దర్జీకీ పోస్టుమాస్టారికీ మధ్య కూలబడ్డాడు. కుర్చీలో ఎవరున్నారో చూళ్ళేదు. అద్దంలో చూసినా రెండు కళ్ళూ, బోలెడు నురగా తప్ప ఏమీ కనబడవు.

తమ్ముడు ఈమధ్య ఒక హిందీ సీరియల్ మరిగాడు. డాన్ కుటుంబం, తండ్రి కుర్చీ కోసం అన్నదమ్ముల కొట్లాట. అది అచ్చంగా తన ఇంటి కథేనని మొదలుపెట్టాడు.

"మొన్న అన్నయ్యతో ఒక్క మాటన్నాను. అన్నయ్యా, కాస్త పక్కకి జరుగు అని. అంతే, జరిగాడు."

ఇంతవరకూ నమ్మొచ్చు. దర్జీ ఊకొట్టాడు. ఊకొట్టేవాడు దొరికితే తమ్ముడికి పగ్గాలుండవు. జరిగిన అన్నయ్య మూలన నిలబడి వణికిపోయాడట, నాన్న లేచి తన కుర్చీ తుడిచి మరీ ఇచ్చాడట, సంగతి తెలిసి ఆ సీరియల్ రాసినాయన రైలెక్కి వచ్చి, నాలుగు రోజులు గోధుమ బస్తాల మీదే పడుకుని అంతా రాసుకుపోయాడట.

బాబాయి దగ్గాడు. తాళంచెవి చేతికందే వేళ వీడి నోరే వీణ్ణి ముంచేలా ఉందని ఆయన బెంగ. రెండోసారి దగ్గబోతే గుడ్డ కిందనుంచి పెద్దన్న చెయ్యి వచ్చి గట్టిగా గిల్లింది.

"మిరియాలు నమలండి బాబాయ్, తగ్గుతుంది," అన్నాడు తమ్ముడు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముప్పై కార్లొచ్చాయి. డాన్ దిగాడు, సీరియల్లోవాడు కాదు, అసలువాడు. తుపాకీ తీశాడు. నేను లాక్కుని మిల్లులో పడేశా. మెత్తగా పిండైపోయింది."

"తుపాకీయా?" అన్నాడు పోస్టుమాస్టారు.

"గుళ్ళతో సహా. ఆ పిండి పట్టుకెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటిదాకా ఒక్కరికీ రక్తహీనత లేదు. డాన్ నా కాళ్ళమీద పడి, మా అన్నదమ్ముల్ని కూడా మీరే చూసుకోండి బాబూ అన్నాడు. ఖాళీ లేదన్నాను."

కత్తి కింద చెంప నవ్వుకి అదిరింది. బాబాయి కత్తి పైకెత్తేశాడు. నవ్వే గొంతుకి కత్తి ఆనించడం ముప్పై ఏళ్ళలో ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. సగం నురగతోనే పెద్దన్న కుర్చీలో ఇటు తిరిగాడు.

"ఏ మిషన్లో వేశావురా? గోధుమలదాంట్లోనా, కారందాంట్లోనా?"

తమ్ముడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. "కారందాంట్లో..."

"అది అమ్మేసి మూడేళ్ళయింది."

దర్జీ మెళ్ళో టేపు నోట్లో కుక్కుకున్నాడు. పెద్దన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. ఇక ఇవ్వడేమో అనుకున్నాడు బాబాయి. తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని కోతలు కోసినా, ఆ తాళంచెవి మీద వాడికి నిజంగానే ఆశ. పెద్దన్న వాడి అరచెయ్యి తెరిచి అందులో పెట్టాడు.

"రేపట్నుంచి నువ్వే. ఐదింటికల్లా తెరవాలి. సాయంత్రం కాదు, పొద్దున."

పొద్దున కూడా ఒక ఐదు ఉంటుందని డాన్‌గారికి తెలిసినట్టు లేదు. తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వూ వస్తావుగా అన్నయ్యా?"

"వస్తాను, నిన్ను లేపడానికి, చెంబుడు నీళ్ళతో. ముందు కాస్త పక్కకి జరుగు, అద్దం కనబడ్డం లేదు."

అంతే, డాన్‌గారు జరిగారు.