సున్నం కింద

కాన్‌స్టాంటినోపుల్‌లో, చర్చి గోడల మీద దేవుడి బొమ్మలు ఉండకూడదని చక్రవర్తి ఆజ్ఞ వేసిన ఏడాది అది. రేవు దగ్గరి చిన్న చర్చిలో, మరియతల్లి బొమ్మకు ఆనించిన నిచ్చెన ఎక్కి ఒకావిడ కూర్చుంది. కింద ఆమె తమ్ముడు, రాజభటుడు, సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, దిగు. బయట మా భటులున్నారు."

"ఉండనీ. ఆ సుత్తి ముందు నా మీద పడాలి, తర్వాతే తల్లి ముఖం మీద."

"నేను కాకపోతే ఇంకొకడొస్తాడు. వాడు నిన్ను జుట్టు పట్టి లాగుతాడు."

"చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే అమ్మ నిన్ను ఈ పాదాల దగ్గరే పడుకోబెట్టిందిరా, ఆర్సేనీ."

"గుర్తుంది. అందుకే పొద్దున్నించీ చెయ్యి లేవట్లేదు. కానీ బొమ్మ కనబడిందంటే పోయేది ఉద్యోగం కాదు, నా తల."

"కనబడకూడదన్నారా, పగలగొట్టమన్నారా?"

"కనబడకూడదనే చాటింపు వేశారు."

"అయితే ఆ సుత్తి అవతల పారేసి సున్నం తీసుకురా."

"సున్నం పూస్తే బొమ్మ లోపల అలాగే ఉంటుందిగా?"

"ఉండనీ. ఈ చక్రవర్తి పోయాక గీకి తీసుకుంటాం."

"మెల్లగా మాట్లాడవే బాబూ! సరే, తెస్తా. పూసేదెవరు?"

"నేనే పూస్తాను. చిక్కగా కలుపు. పలచనైతే కళ్లు కనబడతాయి."