స్పంజి కత్తి

ఇబ్రహీంపట్నం, చెరువుకట్ట కింది వాడ. పెద్దమ్మ పండుగ రోజు ఉదయం. ఇంట్లో తల్లి సిద్దమ్మ, కూతురు కరుణ.

"…అటక మీద లేదు, తలుపెనక లేదు, స్కూటీ డిక్కీల లేదు. అమ్మా, నా కత్తి నిజంగ నువ్వు చూడలేదా?"

"ఏ కత్తే?"

"ఏ కత్తంటవేంది? నెల సంది గీడ కూసోని కోసి, అంటువెట్టి, రంగేసిన గదా. ఫోమ్ కత్తి."

"ఆ స్పంజి కత్తా? నాకేం తెల్సు. నీ దగ్గర ఇంకా శానా ఉన్నయి గదా, ఏదో ఒకటి వట్టుకోని పో. ఆటకు యాళ్లయితది."

"పొమ్మంటున్నవా?"

"ఆ. పో."

"ఆదివారమొస్తె గడపల అడ్డం నిలవడి తిడుతవ్. ఫ్యాక్టరీల నౌకరి జేసే పిల్ల, తుర్కయాంజాల్ ప్లాట్లల్ల రాజు-రాణి యేషాలేసుకోని కత్తులాట ఆడుతదా అని. ఇయ్యాల పండుగ నాడు పొమ్మంటున్నవ్?"

"పండుగ నాడు నోరు పారేసుకోవద్దని ఊకున్న. తిట్టాల్నా?"

"నేను పోతలేనమ్మా. పెద్దమ్మ మీదికొచ్చి నువ్వు కత్తి ఎత్తుకునే నాడు నేనెప్పుడన్న పోయిన్నా? మా ఆటల దివాకర్ వచ్చి నా కత్తి తీస్కపోతనన్నడు, గందుకే దేవులాడుతున్న."

"లేదని చెప్పు ఆ పిలగానికి."

"లేకుంటె ఏడికి వోతది? కాళ్లొచ్చినయా దానికి? జరుగు, మంచం కింద చూస్త."

"మంచం కింద ఏం లేదే."

"నా ఫోమ్ ముక్కలన్ని గాడనే ఉంటయి గదా."

"ఎలుకలున్నయి."

"నిన్న లేవు."

"ఇయ్యాలొచ్చినయి. కరుణా, చెయ్యి తియ్. వేపాకు తేపో ముందుగాల. అవతల బోనానికి యాళ్లయితుంటె నీ లొల్లి నీదేనా—"

"ఆగు… ఇగో, దొరికింది! నల్ల షీటుల చుట్టి లోపల్కి తోసినవా? అబ్బా, ఏంది గింత బరువుంది?"

"అది గాడనే వెట్టు."

"అమ్మా, ఇది నాది కాదు. ఇది ఇనుము. ఇది… ఇది పెద్దమ్మ కత్తి!"

"మెల్లగ ఒర్లు! గోడవతల శ్యామలమ్ముంది."

"ఇది ఈడికెట్లొచ్చింది? ఎర్రగుడ్డల చుట్టి దేవుని అర్రల ఉండాలె గదా! ఓ తల్లీ… నేనే. నేనే చేసిన."

"ఏం చేసినవ్?"

"తిట్టొద్దు. నువ్వు చేపలమ్మవోయిన నాడు గుడ్డ ఇప్పిన. పాత పేపరు మీద వెట్టి చుట్టు గీత గీస్కున్న. ఆ వంపు ఎట్ల గీసినా వస్తలేకుండె అమ్మా. నడుమ ఆ గంటు గూడ దించుకున్న. మల్ల మొన్న రంగు కలిసిందా లేదా అని రెండు పక్కపక్కన వెట్టి చూసిన. గప్పుడే తారుమారైంది. నాది ఎర్రగుడ్డల, ఇది నా షీటుల. నా చేతులిరిగిపోను!"

"గట్లనే అయ్యుంటది."

"గట్లనే అయ్యుంటదా? గంతేనా? ఆ కత్తిని ముట్టొద్దని చిన్నప్పటి సంది భయపెట్టినవ్. ఇప్పుడు గట్లనే అయ్యుంటదంటవా?"

"అయినంక ఏం జేస్తం మరి."

"కని చుట్టేటప్పుడు బరువెట్ల తెల్వలేదు నాకు?"

"షిఫ్టు దిగొచ్చి నిద్రమత్తుల ఉంటివి. తూలుకుంటనే తిరుగుతవ్ నువ్వు."

"ఆగు, ఫోన్ మోగుతుంది… ఆ దివాకర్. రాకు, రాకు. కత్తి లేదు. ఏ, పోలేదు రా, ఉంది, ఉంది గని లేదు. ఇయ్యాల రాణి కత్తి లేకుండ ఆడుకోండ్రి. ఎహె, మల్ల చెప్త, వెట్టెయ్! …జరుగమ్మా, ఆ ఎర్రగుడ్డ మూట ఇటియ్యి. మార్చేస్త."

"మూట ముట్టకు."

"లోపల స్పంజుందే!"

"ఉండనీ. దండం వెట్టి కట్టిన మూట. గుడి ముందటి దాక ఇప్పొద్దు."

"గుడి ముందట ఇప్పినంక? ఊరంత చూస్తరు గదా. ఉత్త గాలికి వంగుతది అది!"

"పసుపు దట్టంగ రాస్తె ఏం కానరాదు."

"నీకెట్ల తెల్సు?"

"ఊకెనే అంటున్న."

"సిద్దక్కా! ఓ సిద్దక్కా! డప్పులోళ్లు నల్లా కాడికి వచ్చిండ్రు. తయారైనవా?"

"అయిన శ్యామలా, అయిన. వస్తున్న పో."

"చెయ్యి నొస్తుందంటివి గద మొన్న. చేతగాకపోతె మొగమాటం వడకక్కా. కత్తి నేనెత్తుకుంట. మా అత్త గూడ ఎత్తింది ఒకప్పుడు."

"నా చేతికేమైంది? గుండు లెక్కుంది. నువ్వు నీ బోనం చూస్కో."

"అడిగిన్లే అక్కా, అడుగుతె తప్పా? ఏం కరుణా, ఇంట్లనే ఉన్నవ్? నీ రాజ్యంల యుద్ధం లేదా ఇయ్యాల?"

"లేదత్తా."

"మా రమేశ్ ప్లాట్లు చూపియ్యవోయి చూసిండట. ఎవ్వలో గిట్ల తాకిచ్చిండ్రో లేదో, నువ్వు దబ్బున కిందవడ్డవంట. నవ్వి నవ్వి సచ్చిండు."

"తాకితె మేమే పడాలత్తా. ఎవ్వలు చెప్పకున్న పడాలె. గదే ఆట."

"ఏం ఆటలో తల్లీ, ఫ్యాక్టరీలొచ్చినంక ఈ ఊర్ల కొత్త కొత్త పిచ్చి లేస్తుంది. జల్ది రా అక్కా!"

"…పోయిందా?"

"పోయింది. చెయ్యి నొస్తుందా నీకు?"

"దానికేం తెల్వది. నోరున్నదని ఏదో అంటది."

"గా ముచ్చట ఆమెకు చెప్పినవ్, నాకు చెప్పలే."

"నువ్వు ఇంట్లుంటె గదా చెప్పెటందుకు."

"సరె, నువ్వు లడాయి మల్ల వెట్టుకో. మూటియ్యి."

"ఇయ్య."

"అమ్మా, పొరపాటు నాది. నా పొరపాటుకు ఊరంత నిన్ను జూసి నవ్వితె నేను బత్కలేను. ఇటియ్యి. గుంజకు… గుంజకమ్మా, ఇరుగుతది!"

"ఇడువే! ముడి ఇప్పకు!"

"ఇప్పిన. ఇగో. …ఏంది, నిమ్మకాయ అప్పుడే కట్టినవా?"

"కట్టిన. అయితేంది."

"ఎప్పుడు మొనకు గుచ్చుతవ్ గదా. కసుక్కున గుచ్చుతవ్, రసం కారుతది. ఇదేమో దారంతోని కట్టుంది."

"ఈసారి గట్ల కట్టిన."

"ఫోమ్‌కు నిమ్మకాయ దిగదు. గుచ్చి చూసి దిగదని తెల్సినోళ్లే దారంతోని కడతరు. ఇది చేపల వల అల్లే ముడి. నీ ముడి."

"వేపాకు తేపో అన్న."

"నువ్వే మార్చినవా?"

"మూట ఇటియ్యి, మల్ల కట్టాలె."

"అమ్మా, నన్ను ఇంతసేపు ఏడిపిచ్చినవ్ గదనే! నేను మార్చిన అని నేను సస్తుంటె, గట్లనే అయ్యుంటదంటివి!"

"ఏం జెయ్యాలె మరి? నువ్వే అంటుంటివి, నేను ఊకున్న. భుజం లేస్తలేదే కరుణా. చేపల గంప దించేటప్పుడు పట్టుకున్నది. తల దువ్వుకోనీకె గూడ లేస్తలేదు. నీకు కానరాలే. పొద్దంత పంటవ్, పొద్దుమీకితె ఫ్యాక్టరీ బస్సెక్కుతవ్, ఆదివారమొస్తె రాజ్యమేలవోతవ్."

"దవాఖానకు పోదమంటె నేను రాకుందునా?"

"పోయిన. ఒక్కదాన్నే పోయిన. బిందె గూడ లేపొద్దన్నడు డాక్టరు. ఇంటికొచ్చే వరకు నీ కత్తి గోడకు ఆనిచ్చి ఉంది. ఎంత మంచిగ చేసినవే! అచ్చం అదే. గా గంటు గూడ. తిట్టుకుంటనే చేతిల వట్టుకున్న. కోడీక లెక్కుంది. లేపంగనే లేసింది. నాకు ఏడుపొచ్చింది."

"ఏడ్వకు. …ఏడ్వకమ్మా. కని ఇది మోసం గదా. మా ఆటల అందరికి తెల్సు అది ఫోమని. దండం వెట్టి పిల్లగాండ్లను నీ కాళ్ల మీద ఏసేటోళ్లకు తెల్వది. శ్యామలత్త అడుగనే అడిగింది. ఇచ్చెయ్యి."

"ఇయ్య."

"ఒక్క ఏడు ఇయ్యి. భుజం నయమైనంక మల్ల—"

"ఇయ్యనంటున్న గదా! ఒక్కసారి చెయ్యి మారితె మల్ల రాదు."

"సరె. అయితె అసలుదే ఎత్తుకో. నీకేం భయం? ఆ తల్లి మీదికొచ్చినంక…"

"ఏంది, ఆగినవ్?"

"…ఆగు. ఆగమ్మా. తల్లి మీదికొస్తె కత్తి బరువే తెల్వదంటివి. నువ్వే చెప్పినవ్. ఎండ తెల్వది, కాళ్ల కింద ముల్లు తెల్వది, నేనెవ్వల్నో నాకే తెల్వదంటివి."

"అన్న."

"మరి భుజం నొప్పెట్ల తెలుస్తది నీకు?"

"డప్పులు దగ్గరికొచ్చినయే. నా పసుపు చీర ఏది?"

"ఆమే ఎత్తుకుంటది గదా. ఎత్తుకునేది నువ్వు కానప్పుడు—"

"చీర ఏదే?"

"కట్టుకునే ఉన్నవ్! నా దిక్కు చూడమ్మా."

"వస్తలేదే."

"ఏంది?"

"ఆమె వస్తలేదు. మీ బాపు చెరువుల పోయిన సంది ఒక్కసారి గూడ రాలే. ఆ ఏడు డప్పు కొడుతున్నరు, నేను కత్తి వట్టుకోని నిలవడ్డ. నిలవడ్డ, నిలవడ్డ… ఏం కాలే. ఎండ మండుతుంది, చెమట కారుతుంది, అన్ని తెలుస్తున్నయి. ఊరంత నా మొగం దిక్కే చూడవట్టె. ఏం జెయ్యాలె? ఊగిన. గప్పటి సంది ఊగుతనే ఉన్న."

"మరి సంతోషమ్మ నీ కాళ్లు వట్టుకోని, మా కోడలు కడుపు నిలుస్తదా తల్లీ అని అడిగింది… భయం లేదు పో అంటివి. నేను గాడనే ఉన్న. నాకు ఒళ్లు జలదరిచ్చింది."

"నేనే అన్న. ఆమె అట్ల ఏడుస్తుంటె ఏమనాల్నే? ఇంటికొచ్చి నేనెంత ఏడ్చిన్నో ఈ గోడలకే తెల్సు. కోడలు నీళ్లాడిందాక నాకు ముద్ద దిగలే."

"ఇన్నేండ్లు నాకొక్క మాట చెప్పలే. నేను నీ తలాపున పండుకుంట గదనే. ఇప్పటికన్న ఇడిసిపెట్టు అమ్మా. ఎవ్వలేమనుకుంటె ఏంది!"

"మొగన్ని పోగొట్టుకున్నది, తల్లిని గూడ పోగొట్టుకున్నది అంటరు. అననీ, పడ్త. నీళ్లల్ల పోయినోని పెండ్లాన్ని, ఎన్ని మాటలు పడలే? కని నాకాశ తీరలే బిడ్డా. ప్రతి ఏడు అనుకుంట, ఇయ్యాలొస్తదని. మీ బాపు ఉన్నప్పుడొచ్చేది, నా ఇల్లు నిండుగుండేది. ఇప్పుడేమో నాకు ఆమె గూడ లేదు. కత్తి లేపకుంటె ఆమె నా దిక్కు ఎట్ల చూస్తదే? లేపాలె గదా. లేపితెనే గదా వచ్చేది."

"అమ్మా…"

"సిద్దక్కా! వాకిట్లకొచ్చిండ్రు! ఇంకెంతసేపు?"

"వస్తున్న శ్యామలా! …కరుణా, తొందరగ చెప్పు. కట్టి చూసిన, పసుపు రాసి చూసిన, అన్ని బాగున్నయి. కని ఎత్తంగనే ఎగిరెగిరి పడుతుంది, స్పంజని తెలిసిపోతుంది. మీ ఆటల ఎట్ల వట్టుకుంటరే, ఇనుమనిపిచ్చేటట్టు?"

"నేను చెప్ప."

"సరె. చెప్పకు. తలుపు తియ్, పోత."

"…ఆగు. అట్ల కాదు. రెండు చేతుల వట్టు."

"ఇట్లనా?"

"ఇంక కిందికి. కాళ్లు జర ఎడంగ వెట్టు. ఎత్తే ముందుగాల, ఒక్కసారి ఎత్తలేనట్టు చెయ్ అమ్మా."