ఆ మలుపు దగ్గర దిగి నడవండి

అధ్యక్షస్థానంలో ఉన్న మన చీఫ్ ఇంజినీరు సూర్యప్రకాష్ గారికి, నాకంటే ముందే రిటైరై ముందు వరసలో దర్జాగా కూర్చున్న పెద్దలకు, టౌన్‌షిప్ రోడ్ల సెక్షన్‌లో నాతో పాటు ఎండలో మాడిన తమ్ముళ్ళకు, తెల్లవారకముందే లేచి నా బాట మీద నడిచే అక్కలకూ చెల్లెళ్ళకూ ఈ పార్థసారథి నమస్కారాలు.

ముందుగా ఒక మనవి. నేను మాటిమాటికీ ఆ గోడ గడియారం వైపు చూస్తుంటే భోజనాల కోసమని అనుకోకండి. (నవ్వులు) పులిహోర వాసన నాకూ తగిలింది, కాదనను. రెండింటికి ఉక్కు ప్లాంటులో పొద్దుటి ఎ షిఫ్టు వదులుతారు. ఇప్పుడు ఒకటిన్నర. రెండయ్యేసరికి నేనొక చోట ఉండాలి. అదెందుకో చెప్పాలనే మైకు పట్టుకున్నాను, చెప్పగలనో లేదోనని పొద్దుట్నుంచీ భయపడుతున్నాను.

ఇందాక మాట్లాడినవాళ్ళంతా తొంభై ఒకటిలో నేను వేసిన బాటను తెగ పొగిడారు. నిజమే, కష్టపడ్డాను. ప్లాంటు కొలిమిలో మిగిలిపోయే స్లాగు ముక్కలు పరిచి, రోలరు తిప్పించి, పైన సన్నని తారు పోయించి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ పిల్లల స్కేటింగుకీ చక్రాల కుర్చీకీ కూడా పనికొచ్చేలా మైదానం చుట్టూ రెండున్నర కిలోమీటర్లు వేశాను. వానాకాలంలో చుక్క నీరు నిలవదు. ఆ మాట వరకూ మీ పొగడ్త తీసుకుంటాను. కానీ అధ్యక్షులవారు ఇంకో శుభవార్త చెప్పారు చూడండి, క్యాంప్ 2 కాలనీ బడి దగ్గర ఇలాంటి బాటే వస్తోందని, ఇక్కడి మొక్కల నర్సరీ గోడ దగ్గరి మలుపుతో సహా నా డ్రాయింగులే వాడుతున్నారని! మీరు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

ఆ మలుపు తప్పు.

ఈ ఉద్యోగంలోకి రాకముందు చరోదా యార్డులో ఆరేళ్ళు రైలు పట్టాలు వేయించాను. మలుపులో బయటి పట్టా ఎత్తుగా, లోపలి పట్టా పల్లంగా ఉండాలి, లేకపోతే బండి పడిపోతుంది. అది నా ఎముకల్లోకి ఎక్కిపోయింది. మనుషులు నడిచే బాటకీ అదే కొలత పెట్టి, ఎంత నున్నగా తిరిగిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. రైలుకి ఎదురుగా ఎవరూ నడిచి రారు కదా! ఆ వాలు మీద సైకిలు బ్రేకు వేయకుండానే తిరిగిపోతుంది, తిరుగుతూ లోపలి అంచుకి వస్తుంది. నడిచే మనిషి కాళ్ళూ పల్లానికే లాగుతాయి. అంటే ఇద్దరూ లోపలి అంచునే కలుసుకుంటారు, అక్కడే నర్సరీ గోడ అడ్డం. ఒకరికొకరు కనబడరు.

తొంభై రెండులో అదే జరిగింది. ఇదిగో, రెండో వరసలో చేతికర్రతో కూర్చున్న సింహాచలమ్మ గారు అటునుంచి నడిచి వస్తున్నారు, షిఫ్టు దిగిన మన యేసుదాసు ఇటునుంచి సైకిలు మీద వస్తున్నాడు. ఆవిడ తుంటి ఎముక విరిగింది. మర్నాడు యేసుదాసు మా ఇంటికొచ్చి, "సార్, బ్రేకు నొక్కానో లేదో నాకే యాద్ రావటం లేదు, గలతీ నాదే కదా సార్?" అని ఏడ్చాడు. నాకు అప్పటికే అర్థమైపోయింది, తెల్లవారుజామునే వెళ్ళి ఆ వాలు కొలుచుకొచ్చాను. అయినా ఏమన్నానో తెలుసా? "జాగ్రత్తగా తొక్కాలి నాయనా" అన్నాను. ప్రమాదం రిపోర్టులోనూ తప్పు సైకిలు తొక్కినవాడిదేనని రాశాను. ఉద్యోగం మీద భయం, పేరు మీద భయం.

నాలుగేళ్ళుగా యేసుదాసు సైకిలెక్కలేదు. క్యాంప్ 2 నుంచి ప్లాంటు గేటు దాకా దాన్ని నడిపించుకునే వెళ్తున్నాడు. అడిగితే, "ఎక్కితే చేతులు వణుకుతున్నాయి సార్" అంటాడు.

నేను మాత్రం రోజూ రెండు గంటలకి ఎర్రగుడ్డ పట్టుకుని, వచ్చే సైకిళ్ళని ఆపుతూ అక్కడ నిలబడతాను. సింహాచలమ్మ గారైతే, "ఏటి బాబూ, నీ బాటనెవులైనా ఎత్తుకెల్లిపోతారని కాపలా కాత్తన్నావేటి?" అని ఎగతాళి చేసేవారు. (నవ్వులు) నవ్వకండమ్మా. బాట మీద ప్రేమ కాదది, ఒట్టి భయం. జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే, బయట సైకిలు బెల్లు వినబడినప్పుడల్లా లేచి కూర్చునేవాణ్ణి. రేపు క్వార్టరు ఖాళీ చేస్తున్నాను. రేపు రెండింటికి అక్కడ ఎవరుంటారు? బడి దగ్గర అదే మలుపు వేస్తే, గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చే పిల్లలకి ఎవరు అడ్డం నిలబడతారు?

యేసుదాసూ, నలుగురిలో చెబుతున్నాను. తప్పు నీది కాదు. నాది. సింహాచలమ్మ గారూ, మిమ్మల్ని పడేసింది వాడు కాదు, నేను.

(వెనక వరసలోంచి యేసుదాసు లేచి, "సార్, రేపట్నుంచి ఆడ నేను నిలబడతా" అన్నాడు.)

వద్దు నాయనా, కూర్చో. నాలుగేళ్ళు కాపలా కాసి ఆ తప్పుని బతికించింది నేనే. దాన్ని తవ్వేయాలి. సూర్యప్రకాష్ గారూ, వాలు తీసేయించండి, నర్సరీ గోడ నడుమెత్తుకి దించండి, మలుపుకి ముందు గరుకు కంకర పరిపించండి. బడి డ్రాయింగు మీద నా పేరు కొట్టేయండి. రిపోర్టు మార్చి రాసి, సంతకం చేసి మీ బల్ల మీద పెట్టాను, ఆ పూలగుత్తి కిందే ఉంది. దీనికి నన్నేం చేసినా సరే. ఇంతమందిలో అవుననండి చాలు.

వారు తలయితే వంచారు. అది అవునో కాదో ఇక్కణ్ణుంచి నాకు తెలియడం లేదు. ఆ భయంతోనే వెళ్తున్నాను.

ఒకటీ నలభై అయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు మీలో సగం మంది సైకిళ్ళ మీద ఆ దారినే వెళ్తారు, అటునుంచి షిఫ్టు వదిలినవాళ్ళు వస్తుంటారు. దయచేసి ఆ మలుపు దగ్గర దిగి నడవండి. నా ఎర్రగుడ్డ సామాన్ల మూటలో కట్టేశారు. మీరు కప్పిన ఈ శాలువా ఎర్రదే, ఇది పట్టుకుని నిలబడతాను.

మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాలకి నన్ను ఆపకండి, టైమవుతోంది. సెలవు.